పొగమంచులో పొగ ఎంత? మంచు ఎంత?

గాలికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు అని మీరు చిన్న తరగతుల్లోనే చదువుకున్నారు. పరీక్షలో అలాగే రాసి మార్కులు కూడా తెచ్చుకున్నారు. అయితే పుష్యమాసంలో ఒక ఉదయం ఆరున్నరకు బాసరలో గోదావరి ఒడ్డుకు వెళ్లి చూడండి. గాలికి రంగు ఉంటుంది, పలచని బూడిద రంగు. వాసన కూడా ఉంటుంది. కాలిన గడ్డి వాసన, కట్టెల పొయ్యి వాసన, ఒక్కోసారి చెత్తకుప్పలో కాలుతున్న ప్లాస్టిక్ సంచుల వాసన. నది మీది రైలు వంతెన సగం కనబడుతుంది, సగం కనబడదు. పక్కనున్న పెద్దవాళ్లను అడిగితే, "పొగమంచు పట్టింది, ఎండెక్కితే అదే పోతుంది" అంటారు.

ఈ మాటలో సగమే నిజం. ఎండెక్కితే మంచు ఆవిరైపోతుంది. పొగ మాత్రం ఆవిరి కాదు. అది పైకి లేచి, పలచబడి, మన కంటికి కనబడకుండా పోతుంది. సాయంత్రం చలి మొదలవగానే మళ్లీ కొత్త పొగ తోడై నేలమీద పరుచుకుంటుంది.

"పొగమంచు" మన భాషలో చక్కని మాటే. కాని రెండు వేర్వేరు వస్తువులను అది ఒకే మూటలో కట్టేసింది. మంచు అంటే నీటి బిందువులు. పొగ అంటే సరిగా కాలని కర్బనం, బూడిద, తారు, రకరకాల రసాయనాల సూక్ష్మకణాలు. మంచును ఋతువు తెస్తుంది. పొగను తెచ్చేది మనం. మనం చేసిన పనికి కూడా ఋతువునే తప్పుపట్టి ఊరుకోవడం మనకు అలవాటైపోయింది. ఈ మూట విప్పి, ఏది ఎంతో చూడాలనీ, పెద్ద నగరాల్లోనే కాక బాసర వంటి చిన్న ఊళ్లలో కూడా గాలిని కొలవాలనీ నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

ఒకే ఊరు, నాలుగు రకాల గాలి

బాసర ఒకప్పుడు ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పటి నుంచి నిర్మల్ జిల్లాలో ఉంది. గోదావరి మహారాష్ట్ర దాటి తెలంగాణలో అడుగుపెట్టిన కొద్ది దూరంలోనే ఈ ఊరిని ఒరుసుకుని పారుతుంది. దిగువన పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ ప్రాజెక్టు ఉంది. దానికి 1963లో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఆ జలాశయం నిండితే నీళ్లు వెనక్కి తన్ని బాసర దాకా వస్తాయి. చుట్టూ నల్లరేగడి నేలలు. పత్తి, సోయా, కంది, మొక్కజొన్న పండుతాయి. నీటి వసతి ఉన్నచోట వరి వేస్తారు.

ఈ ఊరి గాలి ఏడాదిలో నాలుగు వేషాలు వేస్తుంది. జూన్‌లో నైరుతి ఋతుపవనాలు వచ్చాక గాలిలోని దుమ్మును వానచినుకులు పట్టుకుని నేలకు దింపుతాయి. ఏటా కురిసే వానలో చాలా భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే కురుస్తుంది కాబట్టి, ఆ నాలుగు నెలలూ ఆకాశాన్ని ఎవరో రోజూ కడుగుతున్నట్టే. దసరా నవరాత్రుల నాటికి గాలి తుడిచిన అద్దంలా ఉంటుంది. ఆ తర్వాత వానలు వెనుదిరుగుతాయి, గాలి పొడిబారుతుంది, కోతలు మొదలవుతాయి. డిసెంబరు, జనవరి నెలల్లో చలి ముదురుతుంది. తెలంగాణ మొత్తంలో చలి ఎక్కువగా ఉండేది పాత ఆదిలాబాదు జిల్లా ప్రాంతంలోనే. అక్కడి ఏజెన్సీ గ్రామాల్లో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత 5 డిగ్రీల దగ్గరికి దిగిపోతుంది. ఇక ఏప్రిల్, మే నెలల్లో 45 డిగ్రీల ఎండ, వడగాడ్పులు, సుడిగాలిలో లేచే ఎర్రదుమ్ము, నల్లదుమ్ము.

ఈ నాలుగింటిలో గాలి ఎప్పుడు ఎక్కువ చెడ్డది? దుమ్ము కళ్లల్లో పడే వేసవిలో అని చాలామంది అనుకుంటారు. కాని ఊపిరితిత్తుల మాటకు వస్తే చలికాలపు ప్రశాంతమైన ఉదయమే ఎక్కువ అనుమానించదగినది. అది తెలియాలంటే ఆకాశానికి పడే మూత సంగతి తెలియాలి.

ఆకాశానికి మూత

మామూలుగా పైకి పోయేకొద్దీ గాలి చల్లబడుతుంది. సగటున కిలోమీటరుకు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. నేల దగ్గర వేడెక్కిన గాలి తేలికై పైకి లేస్తుంది, తనతోపాటు పొగనూ తీసుకుపోతుంది. వేసవి మధ్యాహ్నం ఈ కలగలుపు మూడు, నాలుగు కిలోమీటర్ల ఎత్తు దాకా సాగుతుంది.

చలికాలం రాత్రి పరిస్థితి తలకిందులవుతుంది. మబ్బులు ఉండవు. పగలు తీసుకున్న వేడిని నేల త్వరగా ఆకాశంలోకి పోగొట్టుకుంటుంది. నేలను అంటిపెట్టుకున్న గాలి ముందుగా చల్లబడి, బరువెక్కి, కదలకుండా కూర్చుంటుంది. దానికంటే పైనున్న గాలి వెచ్చగా ఉంటుంది. కింద చల్లన, పైన వెచ్చన. దీన్నే శాస్త్రజ్ఞులు ఉష్ణోగ్రతా విలోమం అంటారు. చల్లగాలి బరువైనది కనుక పైకి లేవలేదు. పైనున్న వెచ్చగాలి కుండమీది మూతలా ఉంటుంది. నదీలోయలో ఇది మరీ ఎక్కువ. చుట్టుపక్కల మెరకల మీది చల్లగాలి కూడా నీళ్లలాగే పల్లానికి జారి అక్కడ చేరుతుంది.

ఈ మూతను మీరు కంటితోనే చూడవచ్చు. చలికాలం ఉదయం ఒక ఇంటి పొయ్యి నుంచి లేచే పొగను గమనించండి. అది కొంతదూరం నిటారుగా పోయి, అక్కడ ఏదో అడ్డం తగిలినట్టు ఆగి, పక్కలకు దుప్పటిలా పరుచుకుంటుంది. అడ్డం తగిలినది ఆ మూతే.

ఒక చిన్న లెక్క వేద్దాం. వేసవి మధ్యాహ్నం 3000 మీటర్ల ఎత్తు వరకు కలిసిపోయే పొగ, చలికాలం ఉదయం 200 మీటర్ల ఎత్తులోనే ఆగిపోయిందనుకోండి. 3000ను 200తో భాగిస్తే 15. అంటే ఊళ్లో పొయ్యిలు పెరగకపోయినా, ఒక్క మంట కూడా ఎక్కువ కాకపోయినా, నేల దగ్గరి గాలిలో పొగ 15 రెట్లు చిక్కనవుతుంది. మరి అదే సమయంలో మంటలు కూడా పెరిగితే?

1952 డిసెంబరు 5 నుంచి 9 దాకా లండన్ నగరంలో జరిగింది ఇదే. చలికి ఇళ్లలో బొగ్గు ఎక్కువగా కాల్చారు. గాలి స్తంభించింది. పైన మూత పడింది. ఆ పొగమంచువల్ల సుమారు 4000 మంది చనిపోయారని అప్పట్లో లెక్కగట్టారు. ఆ సంఖ్య 12,000 దాకా ఉండవచ్చని తర్వాతి పరిశోధకులు అన్నారు. లండన్ వారికి పొగమంచు కొత్త కాదు. తాతల కాలం నుంచీ ఉన్నదే కదా అని సరిపెట్టుకున్నారు. లెక్కలు చూశాక కళ్లు తెరిచి 1956లో స్వచ్ఛమైన గాలి కోసం చట్టం చేసుకున్నారు. ఋతువు మారలేదు, డిసెంబరు చలి తగ్గలేదు. మారింది కాల్చే పద్ధతి.

ఎడారి అంచున ఉన్నవారి సంగతి

ఈ సందర్భంలో ఆఫ్రికావైపు ఒకసారి చూడటం మంచిది. అట్లాసు తీసి సహారా ఎడారికి దక్షిణపు అంచున అడ్డంగా సాగే పట్టీని చూడండి. దాన్ని సహేల్ అంటారు. అరబ్బీ భాషలో ఆ మాటకు తీరం అని అర్థం. ఇసుక సముద్రానికి అది తీరం అన్నమాట. మాలి దేశంలోని టింబక్టు పట్టణం సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మన బాసర దాదాపు 19 డిగ్రీల మీద, అంటే భూమధ్యరేఖకు ఇంకా దూరంగా ఉంది. అయినా బాసర ఎడారి అంచు కాలేదంటే మన ఋతుపవనాల చలవే. బాసర ప్రాంతంలో ఏడాదికి సుమారు 1000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. నైజర్ దేశపు రాజధాని నియామేలో కురిసేది ఇంచుమించు దానిలో సగం.

సహేల్ పట్టణాలకూ వానాకాలం జూన్ నుంచి సెప్టెంబరు వరకే. నవంబరు వచ్చేసరికి సహారా వైపు నుంచి హర్మటాన్ అనే పొడిగాలి మొదలై మార్చి దాకా వీస్తుంది. దానితో సన్నని దుమ్ము వస్తుంది. సూర్యుడు పాలిపోయిన పళ్లెంలా కనబడతాడు. పెదవులు పగులుతాయి. కొన్ని రోజులు విమానాలు కూడా దిగలేవు. చాద్ దేశంలో బొదేలే అనే పల్లపు ప్రాంతం ఉంది. ఒకనాటి మహా సరస్సు ఎండిపోయి మిగిలిన నేల అది. ప్రపంచంలో ఎక్కువ దుమ్ము లేచే చోట్లలో అదొకటి.

నియామేలోని బడిపిల్లవాడు ఆ దుమ్మును ఆపగలడా? సహారాకు తడిక కట్టలేడు కదా! ముక్కుకు గుడ్డ కట్టుకుంటాడు, కిటికీలు మూసుకుంటాడు, వానకోసం ఎదురుచూస్తాడు. అక్కడా కట్టెల పొగ, చెత్త పొగ ఉన్నాయి. కాని ఆ దుమ్ములో పెద్దవాటా ప్రకృతిది. మన సంగతి వేరు. మన చలికాలపు గాలిలో చేరే పొగలో పెద్దవాటా మన చేతులది. అందుకే, "చలికాలం కదా, ఏం చేస్తాం?" అని మనం అంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. ఆ మాట అనే హక్కు వారికి ఉంది గాని మనకు లేదు.

గుప్పెడు ఇసుక, కనబడని కణం

వ్యాసమహర్షి రోజూ గోదావరిలో స్నానం చేసి గుప్పెళ్లతో ఇసుక తెచ్చి దేవతామూర్తులను రూపొందించాడని బాసర స్థలపురాణం చెబుతుంది. ఆ ఇసుక రేణువును ఒకసారి చేతిలోకి తీసుకోండి. అది కనబడుతుంది, వేలికి తగులుతుంది. అలాంటి రేణువు ముక్కులోకి పోయినా వెంట్రుకలు, జిగురు పట్టేస్తాయి. తుమ్మితే బయటికి వస్తుంది.

ఇప్పుడు మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేయండి. ఒక్కో భాగం ఒక మైక్రాను. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. పొగలో ఎక్కువగా ఉండే కణాలు రెండున్నర మైక్రాన్లకంటే చిన్నవి. అంటే సుమారు 28 కణాలను వరసగా పేర్చితే ఒక వెంట్రుక మందం అవుతుంది. వీటిని ముక్కు ఆపలేదు, గొంతు ఆపలేదు. అవి ఊపిరితిత్తుల చివరనున్న వాయుకోశాల దాకా పోతాయి. అతి చిన్నవి రక్తంలోకి కూడా చేరతాయి. దగ్గు, ఉబ్బసం మాత్రమే కాదు, గుండెజబ్బులకూ ఇవి దోహదం చేస్తాయి. వేసవి దుమ్ములో పెద్దరేణువులు ఎక్కువ కనుక ముక్కు చాలావరకు ఆపుతుంది. పొగకు ఆ అడ్డు లేదు.

ఘనపు మీటరు గాలిలో ఈ సన్నకణాలు 24 గంటల సగటున 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశం 2009లో ప్రమాణం పెట్టింది. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షలో వంతు. 15 దాటకపోతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది.

ఎవరి పొగ?

ఇక్కడ చాలామంది రైతును బోనులో నిలబెట్టి చేతులు దులుపుకుంటారు. అది న్యాయం కాదు. హార్వెస్టరుతో వరి కోస్తే పొలంలో మోకాలెత్తు కొయ్యకాళ్లు, చెల్లాచెదురుగా గడ్డి మిగులుతాయి. యాసంగి నాట్లకు వ్యవధి తక్కువ. కూలీల ఖర్చు ఎక్కువ. అగ్గిపుల్ల ఖర్చు ఏమీ లేదు. పత్తి ఏరడం పూర్తయ్యాక మిగిలే పత్తికట్టె సంగతీ అంతే. అతని ఇబ్బంది నిజమైనది.

అయినా లెక్క చూడండి. ఒక టన్ను వరిగడ్డిని కాల్చితే సుమారు 3 కిలోల సన్నని కణాలు గాలిలోకి పోతాయని అంచనా. దానితోపాటు గడ్డిలోని ఐదారు కిలోల నత్రజని కూడా పొగైపోతుంది. ఆ నత్రజనినే తర్వాత యూరియా బస్తా రూపంలో కొనుక్కోవాలి. అగ్గిపుల్ల చవక కాదన్నమాట! గడ్డిని మోపులు కట్టే యంత్రాలు, కొయ్యకాళ్లను నేలలో కలిపి దున్నే యంత్రాలు ఉన్నాయి. ఒక్కొక్క రైతు కొనలేడు గనుక ఊరంతటికీ కలిపి అద్దెకు దొరికేలా చూడవలసిన బాధ్యత ప్రభుత్వానిది, సహకార సంఘాలది. చేతికి యంత్రం ఇవ్వకుండా రైతుకు జరిమానా వేయడం మాత్రం తలుపు మూసి బయటికి పొమ్మన్నట్టు ఉంటుంది.

రైతు ఒక్కడేనా? వీధి ఊడ్చి చెత్తను మూలన తగలబెట్టేవారున్నారు. చలిమంటలో పాత టైరు వేసేవారున్నారు. యాత్రికుల వాహనాలున్నాయి, డీజిల్ జనరేటర్లున్నాయి. కట్టెల పొయ్యి ముందు కూర్చున్న తల్లి అందరికంటే ఎక్కువ పొగ పీలుస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకం, 2016లో కేంద్రం తెచ్చిన ఉజ్జ్వల పథకం ఎన్నో ఇళ్లకు గ్యాసుపొయ్యిని చేర్చాయి. పొగ తగ్గించడం మనవల్ల అయ్యే పనేనని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఎందుకు?

మాఘశుద్ధ పంచమి

ఇంత పట్టుదలగా ఎందుకు చెబుతున్నానో ఇప్పుడు వినండి. బాసరలో పిల్లలకు అక్షరాభ్యాసం చేయించడానికి దూరదూరాల నుంచి తల్లిదండ్రులు వస్తారు. అందరికీ ఇష్టమైన రోజు వసంత పంచమి, అంటే మాఘశుద్ధ పంచమి. అది జనవరి చివర గాని ఫిబ్రవరి మొదటి పక్షంలో గాని వస్తుంది. ఇంకా చలి వదలని రోజులు. రాత్రిపూట మూత పడే రోజులు. తెల్లవారకముందే వరుసలో నిలబడే ఆ పిల్లల్లో చాలామందికి మూడు, నాలుగేళ్లు.

పెద్దవాళ్లు విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 12 నుంచి 18 సార్లు ఊపిరి తీస్తారు. మూడేళ్ల పిల్లవాడు 20 నుంచి 30 సార్లు తీస్తాడు. శరీరం బరువుతో పోల్చి చూస్తే పెద్దవారికంటే పిల్లలే ఎక్కువ గాలి పీలుస్తారు. వాళ్ల ఊపిరితిత్తులు ఇంకా పెరుగుతున్నాయి. చదువు మొదలుపెట్టే రోజున పిల్లవాడికి పలక ఇస్తాం, బలపం ఇస్తాం, కొత్త బట్టలు తొడుగుతాం. ఆ ఉదయం శుభ్రమైన గాలి ఇవ్వడం కూడా మన మర్యాదలో భాగం కావద్దా? కనీసం వసంత పంచమికి ముందు వారం రోజులు ఆ చుట్టుపక్కల చెత్త, గడ్డి, పత్తికట్టె కాల్చకూడదని ఊరు కట్టుబాటు పెట్టుకుంటే ఎంత బాగుంటుంది!

కొలవనిదే తెలియదు

"ఇది ఢిల్లీవాళ్ల జబ్బు, మనకెందుకు?" అని కొందరంటారు. ఢిల్లీ గాలి చెడ్డదని ఎలా తెలిసింది? అక్కడ యంత్రాలు పెట్టి కొలిచారు కాబట్టి తెలిసింది. తెలంగాణలో గాలిని గంటగంటకూ కొలిచే కేంద్రాల్లో ఎక్కువ భాగం హైదరాబాదులోనూ దాని పరిసరాల్లోనూ ఉన్నాయి. జ్వరం చూసే థర్మామీటరు పట్నంలోనే ఉంటే పల్లెలో జ్వరాలు లేవని అర్థమా?

ఇప్పుడు కాంతి కిరణాన్ని పంపి, కణాల మీద పడి చెదిరే వెలుగునుబట్టి వాటిని లెక్కించే చిన్న పరికరాలు కొన్ని వేల రూపాయలకే దొరుకుతున్నాయి. ఇందులో ఒక తమాషా ఉంది. బాగా మంచు పట్టిన ఉదయం ఈ పరికరం నీటి బిందువులను కూడా కణాలనుకుని ఎక్కువ చూపుతుంది. అంటే యంత్రం కూడా మనలాగే పొగనూ మంచునూ కలిపేస్తుందన్నమాట! అందుకని పక్కనే గాలిలో తేమను కూడా కొలిచి, లెక్క సరిచేసుకోవాలి. బాసరలోనే 2008 నుంచి సాంకేతిక విశ్వవిద్యాలయం ఉంది. వేలమంది విద్యార్థులు ఇంజనీరింగు చదువుతున్నారు. చుట్టుపక్కల హైస్కూళ్లకు ఇలాంటి పరికరాలు అమర్చి, లెక్క సరిచేసి ఇవ్వడం వారికి అసాధ్యమేమీ కాదు.

పరికరం వచ్చేదాకా మీరు చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. తరగతికొక నోటుపుస్తకం పెట్టండి. రోజూ ఉదయం ఏడు గంటలకూ, మధ్యాహ్నం రెండు గంటలకూ ఐదు సంగతులు రాయండి. ఉష్ణోగ్రత ఎంత? గాలి ఎటునుంచి వీస్తోంది? దూరంగా ఉన్న ఏ గుర్తు వరకు కనబడుతోంది? అది గుడి గోపురం కావచ్చు, వంతెన కావచ్చు, సెల్ టవరు కావచ్చు. పొగ నిటారుగా పోతోందా, పరుచుకుంటోందా? వాసన ఉందా, కళ్లు మండుతున్నాయా? ఆ రోజు ఊళ్లో ఎక్కడెక్కడ మంటలు కనబడ్డాయో కూడా గుర్తు పెట్టండి. తడిగా ఉండి, వాసన లేకుండా, ఎండ పొడతో విడిపోతే ఎక్కువ భాగం మంచు. పొడిగా ఉండి, కళ్లు మండించి, ఎండెక్కినా దూరపు గుర్తును మసకబార్చితే ఎక్కువ భాగం పొగ. సన్నకణాల అంకె ఈ పుస్తకంతో రాదు. కాని ఏ నెలలో, ఏ పూట, ఏ మంటతో గాలి చెడుతోందో ఏడాది తిరిగేసరికి మీకు తెలిసిపోతుంది.

ఆ పుస్తకాన్ని గ్రామసభకు పట్టుకెళ్లండి. మైదానంలో పరుగుపందెం సాధన తెల్లవారుజామున కాక, మూత తొలగిపోయాక తొమ్మిది దాటి పెట్టమని మీ వ్యాయామోపాధ్యాయులను అడగండి. చెత్తకుప్పకు నిప్పు పెట్టేవారిని ఆపండి. కోపంగా కాదు, ఉష్ణోగ్రతా విలోమం అంటే ఏమిటో చెప్పి ఆపండి. వినకపోతే మర్నాడు మళ్లీ చెప్పండి.

చలికాలం రాకుండా ఎవరూ చేయలేరు. మంచు పడనివ్వండి, అది అందమైనదే. దానిలో పొగ కలపకుండా ఉండటం మాత్రం మన చేతిలో ఉంది.